అరవై ఎనిమిది డిగ్రీలు

గాజులమండ్యంలో, మూడో షెడ్డు వెనక
కిటికీ లేని గది నాది.
ఒక నీళ్ల తొట్టి, దానికో హీటరు,
గీతలు అరిగిన స్టీలు బల్ల,
మొన్నే పవరు పెరిగిన నా కళ్లద్దాలు.

చిటికెన వేలి గోరంత గాజు గొట్టం.
లోపల ఎర్ర ద్రవం, ద్రవంలో ఒక్క బుడగ.
పైపులో తోసుకొచ్చే నీళ్లన్నిటినీ
ఆ గాజే నడుం బిగించి ఆపుతుంది,
ఆఫీసు కప్పుల్లో, గోడౌన్లలో, పిల్లల వార్డుల్లో,
ఏళ్ల తరబడి,
ఎవరూ తలెత్తి చూడకుండా.

యాభై దాటాక నిమిషానికి అర డిగ్రీయే పెంచాలి.
తొందరపెడితే అబద్ధం చెబుతుంది.
బుడగ చిక్కిపోతూ వస్తుంది
మినప గింజ
ఆవగింజ
గసగసాల గింజ
ఆ తర్వాత ఏమీ ఉండదు.
ఆ ఏమీ లేని చోట నేను ఊపిరి బిగబడతాను.
టిక్.
అరవై ఎనిమిది. రాసుకుంటాను.

మంచిదని తేలింది మిగలదు.
మిగిలింది మంచిదని తేలదు.
పది పగలగొట్టి
నాలుగు వేలకు మాట ఇవ్వడం
నా ఉద్యోగం.

ఎండలు ముదిరిన ఒక మంగళవారం
పన్నెండో లాటు, ఏడో తల.
ఈసారి పైపుకు బిగించి, వెనక నీళ్లు పెట్టి చూసే పరీక్ష.
గాజు పగిలింది, సరిగ్గా పగలాల్సిన చోటే.
మూత ఊడలేదు.
చుక్క నీరు రాలేదు.
స్పానర్ తో మెల్లిగా తట్టాను, ఊడింది,
నా చీర కుచ్చిళ్లు తడిశాయి.
మంటల్లోకి వెళ్లి ఎవరు తడతారు?

భూతద్దం కింద, మూత అంచున
గోధుమ రవ్వంత జిగురు.

"ఒగటే కదమ్మా" అన్నాడు చెంగల్రాయులు సారు,
"ఇంగో ఇరవై తీసి చూడు.
హోసూరు లారీ పొద్దన్నించి నిలబడుండాది."
తీశాను. ఇరవైకి ఇరవై ఊడాయి,
ఉగ్గబట్టిన నీళ్లు గోడదాకా చిమ్మాయి.
సారు నవ్వాడు.
నేను ఎర్ర స్టాంపు వెతికాను.
ఇరవై మంది మంచోళ్లు వచ్చి నిలబడితే
ఆ ఏడోదాని మౌనం చెరిగిపోతుందా?
లారీ ఖాళీగా పోయింది. రివర్సులో దాని పాట
గేటు దాటేదాకా వినిపించింది.

ఆ రాత్రి షిఫ్టులో జిగురు పెట్టింది దేశమ్మ.
రేణిగుంట నుంచి రోజూ నా పక్కన
షేర్ ఆటోలో వచ్చే దేశమ్మ.
"బిడ్డకు జరం. కండ్లు మూతలు పడతాండె.
నా చెయ్యి వణికిండేది నీకెట్ల తెలిసెనే?"
నాకు తెలియదు.
నాకు రవ్వంత జిగురే తెలుసు.

ఆ నెల లైను మొత్తానికి ఇన్సెంటివ్ పోయింది.
ఆమె డ్రైవరు పక్కకు మారింది.
నా సంగటి ముద్ద
ఆమె చెనిక్కాయల ఊరిబిండి లేకుండా
గొంతులో అడ్డం పడేది.

ఎన్నాళ్లకో, లెక్కపెట్టలేదు,
భోజనాల బెంచీ మీద ఆమె డబ్బా బిగుసుకుపోయింది.
రెండు మూడు సార్లు తిప్పి చూసి
మాట్లాడకుండా నా వైపు తోసింది.
అంచు మీద తట్టి తీసిచ్చాను.
ఇద్దరం నవ్వలేదు. తిన్నాం.

తిరుపతిలో ఎవరు తలెత్తినా
కొండ కనబడుతుంది.
నాకు ముందు కప్పు కనబడుతుంది.
నిన్న కంటి ఆసుపత్రిలో, ట్యూబులైటుకూ ఫ్యానుకూ మధ్య
మా కంపెనీ తల ఒకటి,
సాలెగూడు పట్టి, నాలుగేళ్ల కిందటిది.
అప్పుడూ ఆ గదిలో నేనే.
కింద బెంచీల మీద
చుక్కలు వేయించుకుని కళ్లు మూసుకున్న
నలభై మంది.

బుడగ ఉందా అని చూశాను.
అంత ఎత్తున ఆనలేదు.
చుక్కల సీసా పట్టుకుని వచ్చిన నర్సు
నా గడ్డం ఎత్తి
"పైకి చూడమ్మా" అంది.

"చూస్తానే ఉండా."